ఎలక్ట్రీషియన్ బోర్డు మీద ఏం రాసుకోవచ్చు?

‘ఇచ్చట అన్ని రకముల ఎలక్ట్రికల్ పనులు చేయబడును.’ మన ఊళ్లలో కరెంటు పని షాపు బోర్డు మీద దాదాపు తప్పకుండా కనిపించే వాక్యం ఇది. దాని కింద హౌస్ వైరింగ్, మోటార్ వైండింగ్, ఇన్వర్టర్లు, సీసీ కెమెరాలు అని ఒక వరస, ఓ మూల ఫోన్ నంబరు. కొన్ని బోర్డుల మీద ‘గవర్నమెంట్ లైసెన్స్‌డ్’ అని కూడా ఉంటుంది. ఆ లైసెన్సు నంబరు మాత్రం ఎంత వెతికినా దొరకదు.

ఐటీఐ పూర్తి చేసి సొంతంగా షాపు పెట్టుకుందామనుకునే కుర్రాళ్లు బోర్డు గురించి అడిగేది ఒకటే: ఫ్లెక్సీ వేయించాలా, గ్లో సైన్ చేయించాలా అని. దానికంటే ముందు తేలాల్సిన సంగతి వేరే ఉంది. బోర్డు మీద వేసే ప్రతి మాటకూ వెనకాల డ్రాయరులో ఒక కాగితం ఉండాలి. కాగితం లేని మాట రాస్తే ఏదో ఒక రోజు ఇరుక్కుంటారు. కాబట్టి పదేళ్ల తర్వాత మీ బోర్డు మీద ఏ మాట ఉండాలనుకుంటున్నారో ఇప్పుడే అనుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రండి. ఏ కోర్సులో చేరాలో, ఎవరి దగ్గర పని నేర్చుకోవాలో ఆ లెక్కలోనే తేలిపోతుంది.

ముందు చట్టం సంగతి. కరెంటు పని ఎవరు చేయొచ్చన్నది 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లో 45వ రూలుగా ఉండేది. 2003 విద్యుత్ చట్టం వచ్చాక సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ 2010లో భద్రతా నిబంధనలు తెచ్చింది, వాటి స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. నంబర్లు మారుతూ వచ్చాయి గానీ సారం మారలేదు. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్ లాంటివి పాడైతే తీసి అదే రకానివి బిగించడానికి లైసెన్సు అక్కర్లేదు. ఆ ఇంటి వైరింగ్ సామర్థ్యం గానీ స్వభావం గానీ మారకుండా ఉంటే చాలు. అంతకు మించి కొత్త వైరింగ్ వేసినా, ఉన్నదాన్ని పెంచినా, మార్చినా మూడు షరతులు వర్తిస్తాయి. పనిని రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్న కాంట్రాక్టర్ చేపట్టాలి. సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజర్ దగ్గరుండి చూడాలి. పర్మిట్ ఉన్న వైర్‌మన్ చేత్తో జరగాలి.

ఇప్పుడు మళ్లీ ఆ ‘అన్ని రకముల’ బోర్డు దగ్గరకు రండి. లైసెన్సు లేని మనిషి దాన్ని తగిలిస్తే, చట్టప్రకారం తాను చేయలేని పనికి గిరాకీని పిలుస్తున్నట్టే. మన దగ్గర సగం ఇళ్ల వైరింగ్ ఏ పర్మిటూ లేని మేస్త్రీలే చేస్తున్నారు కదా అంటారా? చేస్తున్నారు, వాళ్లలో గొప్ప పనివాళ్లూ ఉన్నారు. షార్ట్ సర్క్యూట్ అయి మంటలు లేచాకో, అపార్ట్‌మెంట్‌కు కొత్త మీటర్ల కోసం దరఖాస్తు పెట్టినప్పుడో గానీ ఆ ప్రశ్న ఎవరూ అడగరు. అడిగిన రోజు మాత్రం సంతకం పెట్టే మనిషి కావాలి. కొత్త వైరింగ్‌ను 500 వోల్టుల మెగ్గర్‌తో ఒక నిమిషం పరీక్షిస్తే ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కనీసం 1 మెగా ఓమ్ ఉండాలన్నది నిబంధన. ఆ లెక్క రాసి, కింద లైసెన్సు నంబరు వేసి సంతకం చేసేది కాంట్రాక్టర్. మేస్త్రీ కూలికీ కాంట్రాక్టర్ ఆదాయానికీ మధ్య తేడా చాలావరకు ఆ సంతకంలోనే ఉంది.

మాట వెనక మెట్లు

పదో తరగతి తర్వాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్, వైర్‌మన్ రెండూ రెండేళ్ల ట్రేడులే. సొంత షాపు ఆలోచన ఉన్నవాళ్లకు ఎలక్ట్రీషియన్ ట్రేడు నయమని నా అభిప్రాయం. అందులో మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, కంట్రోల్ ప్యానెళ్లు కూడా చేతికి వస్తాయి. పాలిసెట్ రాసి మూడేళ్ల ట్రిపుల్‌ఈ డిప్లొమా చేసినవాళ్లకు సూపర్‌వైజర్ దారి దగ్గర. చదువు మధ్యలో ఆగిపోయిన పల్లెటూరి యువతకు బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో ఉచితంగా హౌస్ వైరింగ్ నేర్పుతారు. అది 30 రోజుల శిక్షణ. పని మొదలుపెట్టడానికి పనికొస్తుంది, బోర్డు మీద ‘లైసెన్స్‌డ్’ అని రాయడానికి పనికిరాదు. ఈ తేడా గుర్తుంచుకోండి, శిక్షణ సర్టిఫికెట్‌నూ లైసెన్సునూ కలిపేసుకునేవాళ్లు చాలామంది.

తర్వాతి మెట్టు పర్మిట్. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ వైర్‌మన్ పర్మిట్లు, సూపర్‌వైజర్ పర్మిట్లు, కాంట్రాక్టర్ లైసెన్సులు ఇచ్చేది ఆయా రాష్ట్రాల ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు. విద్యుత్ తనిఖీ శాఖతో ముడిపడిన వ్యవస్థ ఇది. డిస్కం ఆఫీసులో ఇవ్వరు, మున్సిపాలిటీలో అసలే ఇవ్వరు. ఎవరైనా ‘డిస్కంలో మనవాళ్లున్నారు, లైసెన్సు తెప్పిస్తా’ అంటే అక్కడే ఆగిపోండి. కాంట్రాక్టర్ లైసెన్సుకు మీరు ఒక్కరే ఉంటే చాలదు. పర్మిట్ ఉన్న మనుషులుండాలి, మెగ్గర్, ఎర్త్ టెస్టర్, టాంగ్ టెస్టర్ లాంటి పరికరాలుండాలి. గ్రేడును బట్టి చేపట్టగల పనుల స్థాయి మారుతుంది. నిన్న పర్మిట్ తెచ్చుకున్న కుర్రాడు ఇవాళే కాంట్రాక్టర్ బోర్డు పెట్టలేడు, ఒకరి కింద కొన్నేళ్లు పనిచేయక తప్పదు. ఆ ఏళ్లలో పని నేర్పే మేస్త్రీ కంటే లైసెన్సున్న కాంట్రాక్టర్‌నే వెతుక్కోండి. రోజుకూలి కాస్త తక్కువైనా సరే. రేపు అనుభవ ధ్రువపత్రం రాసివ్వగలిగేది ఆయనే.

ఈ మెట్లన్నీ బోర్డు భాషలోకి మారుస్తే ఇలా ఉంటుంది. మొదట్లో మీ పేరు, ‘ఎలక్ట్రికల్ సామాన్లు, రిపేర్లు’ అని మాత్రమే. పర్మిట్ వచ్చాక ‘వైర్‌మన్ పర్మిట్ నం.’ అని ఒక వరస చేరుతుంది. లైసెన్సు వచ్చాక ‘ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్, లైసెన్సు నం., గ్రేడు’. నంబరు వేయడం ముఖ్యం. లైసెన్సు ఉన్న చాలామంది కూడా వేయరు, ఎందుకో అర్థం కాదు. ఇంత కష్టపడి తెచ్చుకున్నదాన్ని దాచుకోవడం దేనికి?

ఇంకో చిక్కు గడువుతో. లైసెన్సును ఎప్పటికప్పుడు రెన్యువల్ చేయించుకోవాలి. గడువు తీరిన నంబరు బోర్డు మీద వెలుగుతూ ఉంటే అది అబద్ధమే, మీకు ఆ ఉద్దేశం లేకపోయినా.

వాడకూడని ముద్రలు

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఉచితంగా అయిపోతుంది. అయిపోగానే ‘భారత ప్రభుత్వ గుర్తింపు పొందిన’ అని ఫ్లెక్సీ వేయించేవాళ్లను చూస్తూనే ఉంటాం. అది చిన్న వ్యాపారంగా మీ పేరు నమోదైందనడానికి రుజువు. కరెంటు పనికి ఇచ్చిన అనుమతి కాదు. మూడు సింహాల ముద్ర వేస్తే ఇంకా ప్రమాదం, జాతీయ చిహ్నం దుర్వినియోగాన్ని అరికట్టే 2005 చట్టం ఉంది. మీరు అమ్మే వైరుకు ఐఎస్ఐ గుర్తు ఉండొచ్చు గానీ, ఆ గుర్తును షాపు పేరు పక్కన వేసుకోకూడదు, అది సరుకుకు ఇచ్చింది. డిస్కం లోగో సంగతి చెప్పనే అక్కర్లేదు. ముసలివాళ్లు మిమ్మల్ని లైన్‌మన్ అనుకుని తలుపు తీస్తారు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు జరిమానా 10 లక్షల రూపాయల వరకు ఉండొచ్చు. చిన్న షాపు మీద అంత వేస్తారని కాదు, కానీ ఫిర్యాదు చేసే గిరాకీకి దారి ఉంది.

ఈ మధ్య కొత్తగా వచ్చిన మాట ‘సోలార్’. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం వల్ల ఇంటి పైకప్పు మీద పలకలు పెట్టించుకునేవాళ్లకు 78,000 రూపాయల వరకు సబ్సిడీ ఉంది. అది అందాలంటే నమోదైన వెండరే బిగించాలి. మీరు నమోదు కాకుండా బోర్డు మీద ‘సబ్సిడీతో సోలార్’ అని రాస్తే, గిరాకీకి ఆ డబ్బు రాదు. ఆయన పలకల మీద కోపం తెచ్చుకోడు, నేరుగా మీ షాపు దగ్గరకే వస్తాడు.

జీఎస్టీ నంబరు, తెలుగు అక్షరాలు

బోర్డు మీద ఏం ఉండాలో స్పష్టంగా చెప్పే కేంద్ర నిబంధన ఒకటుంది. అది కరెంటు చట్టంలో కాదు, పన్ను చట్టంలో. 2017 సీజీఎస్టీ రూల్స్‌లో 18వ రూలు ప్రకారం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ షాపులో కనిపించేచోట పెట్టాలి. ప్రవేశద్వారం దగ్గరి పేరు బోర్డు మీద 15 అక్షరాంకెల జీఎస్టీ నంబరు ఉండాలి. తెలంగాణలో అది 36తోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 37తోనూ మొదలవుతుంది. లేకపోతే సాధారణ జరిమానా సెక్షన్ కింద 25,000 రూపాయల వరకు పడొచ్చు, రాష్ట్ర చట్టం కింద మరో అంత.

సేవలు మాత్రమే అందించేవాళ్లకు ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కాబట్టి, కొత్తగా మొదలుపెట్టే ఎలక్ట్రీషియన్‌కు వెంటనే ఈ తలనొప్పి ఉండదు. బిల్డర్లతో, కంపెనీలతో పని మొదలైతే మాత్రం వాళ్లే అడుగుతారు. కాంపోజిషన్ పథకంలో చేరితే ఇంకో మాట చేరాలి. బోర్డు మీద ‘కాంపోజిషన్ ట్యాక్సబుల్ పర్సన్’ అని రాయాలి, బిల్లు పైన గిరాకీ దగ్గర పన్ను వసూలు చేయడానికి వీల్లేదన్న సంగతీ ఉండాలి. దీన్ని రాయకుండా, గిరాకీ దగ్గర విడిగా జీఎస్టీ అని వసూలు చేసేవాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గర ఉద్యోగానికి చేరేముందు ఒకసారి ఆలోచించుకోండి.

కార్మిక శాఖ దగ్గర దుకాణాలు, సంస్థల చట్టం కింద నమోదు చేసుకోవాలి. 1988లో వచ్చిన ఆ చట్టమే విభజన తర్వాతా రెండు రాష్ట్రాల్లో నడుస్తోంది. ఆ సర్టిఫికెట్టూ, మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సూ లోపల గోడ మీద కనిపించాలి. బోర్డు మీద పేరు తెలుగులో ఉండాలి, ఇంగ్లీషు, ఉర్దూ లాంటివి ఉంటే దాని కింద రావాలి. ఇందులో మనకు లాభమే ఉంది. రాత్రి పదింటికి ఫ్యూజు పోయిన ఇల్లాలు వీధి చివర బోర్డు చదవగలగాలి.

ఉచితంగా వచ్చే బోర్డు

షాపు తెరిచిన నెలలోపే వైర్ల కంపెనీ తరఫున ఒకాయన వస్తాడు. ‘అన్నా, బోర్డు మేమే వేయిస్తాం, రూపాయి ఖర్చుండదు’ అంటాడు. బోర్డు వచ్చాక చూస్తే మూడొంతులు కంపెనీ పేరు, ఒక సినీనటుడి నవ్వు. అడుగున సన్నటి పట్టీలో మీ పేరు. ఆ వీధిలో అలాంటివి నాలుగుంటే గిరాకీకి నాలుగూ ఒకటే షాపు. తీసుకోవద్దని చెప్పను, మొదట్లో చేతిలో డబ్బుండదు. పట్టీ వెడల్పు మాత్రం బేరమాడండి. మీ పేరు, లైసెన్సు నంబరు వీధికి అవతలి నుంచి కనిపించాలని పట్టుబట్టండి. వాళ్లు సాధారణంగా ఒప్పుకుంటారు.

ఇందులో ఇంకో లెక్క ఉంది. సొంత వ్యాపారం పేరు చెప్పే బోర్డునూ, ఇతరుల సరుకును ప్రచారం చేసే బోర్డునూ పురపాలక సంస్థలు వేరువేరుగా చూస్తాయి. రెండోదాన్ని ప్రకటనగా లెక్కగట్టి ఫీజు అడగొచ్చు. ఆ నోటీసు వచ్చేది కంపెనీకి కాదు, షాపు చిరునామాకు. బోర్డు తగిలించకముందే ఈ ఖర్చు ఎవరిదో తేల్చుకోండి. హైదరాబాద్‌లో ఎత్తు సంగతి కూడా చూసుకోవాలి. 2020లో వచ్చిన జీవో 68 తర్వాత జీహెచ్ఎంసీ పరిధిలో నేల నుంచి 15 అడుగులు దాటిన ప్రకటనలకు అనుమతి లేకుండా పోయింది.

మీ బోర్డే మీ మొదటి పని

ఊళ్లో కరెంటు షాపు గ్లో సైనే తడిసి షాక్ కొడితే ఇంక ఆ షాపుకు ఎవరు వస్తారు? నవ్వులాటగా అనిపించినా ఇది నిజంగా జరిగే పని. ఏసీపీ బోర్డుకు లోపల ఇనుప చట్రం ఉంటుంది. దాన్ని ఇనుప షట్టరు చట్రానికే వెల్డింగ్ చేస్తారు. లోపల ఎల్ఈడీలకు 12 వోల్టులే అయినా, వాటికి కరెంటిచ్చే పవర్ సప్లై డబ్బాకు వచ్చేది 230 వోల్టులు. వానలో ఒక జాయింటు తడిస్తే షట్టరంతా కరెంటే. కాబట్టి బోర్డుకు వేరే ఎంసీబీ, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, చట్రానికి ఎర్తింగ్, నీళ్లు చొరని డబ్బా పెట్టండి. ఫ్లెక్సీ షాపు కుర్రాడు టేపు చుట్టి ఇచ్చిన జాయింటును అలాగే వదిలేయకండి.

స్థలం ఎంచుకునేటప్పుడు తలెత్తి చూడండి. కేంద్ర నిబంధనల్లో భవనానికీ 11 కేవీ లైనుకూ మధ్య పక్కకు 1.2 మీటర్లు, పైకి 3.7 మీటర్ల దూరం ఉండాలని ఉంది. మేడ అంచు నుంచి ముందుకు పొడుచుకొచ్చే బోర్డు ఆ దూరాన్ని తినేస్తుంది. ఫ్లెక్సీ కడుతూ లైను తగిలి ప్రాణాలు పోయిన వార్తలు పేపర్లలో ఎన్ని చూశాం! ఇది ఎలక్ట్రీషియన్‌కు వేరేవాళ్లు చెప్పాల్సిన విషయం కాకూడదు.

బోర్డులతో మీకు ఆదాయమూ ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. 250 వోల్టులు దాటిన ఏ మోటారు, జనరేటరు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరైనా పుర్రె, ఎముకల గుర్తుతో డేంజర్ బోర్డు శాశ్వతంగా బిగించాలి. హిందీ లేదా ఇంగ్లీషుతో పాటు ఆ జిల్లా భాష ఉండాలి. నమూనా ఐఎస్ 2551లో ఉంది. హై వోల్టేజీకి 250 × 200 మిల్లీమీటర్లు, అంతకంటే తక్కువదానికి 200 × 150. త్రీఫేజ్ అంటే 415 వోల్టులు కాబట్టి రైసు మిల్లు, పిండిమర, అపార్ట్‌మెంట్ లిఫ్టు మోటారు అన్నీ ఇందులోకి వస్తాయి. పాత నియాన్ గొట్టాల సైన్ బోర్డులు 650 వోల్టులు దాటితే వాటికీ ఈ హెచ్చరిక ఉండాలి. ఫ్యాక్టరీలో షాక్ తగిలిన మనిషికి ఊపిరి ఎలా అందించాలో తెలిపే చార్టు స్థానిక భాషలో కూడా గోడకు ఉండాలి. తనిఖీ వస్తుందనగానే మిల్లు యజమాని పరుగెత్తేది వీటికోసమే. ఏ బోర్డు ఎక్కడ కావాలో జాబితా రాసిచ్చే ఎలక్ట్రీషియన్‌ను ఆయన మరిచిపోడు.

వ్యాను తలుపు మీద నంబరు

మన దగ్గర కాంట్రాక్టర్ల బోర్డు మీద లైసెన్సు నంబరు వేయడం అలవాటుగా లేదు కదా, వేరేచోట ఎలా ఉందో ఒక్కసారి చూద్దాం. అమెరికాలోని టెక్సాస్‌లో ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ పనికి వాడే ప్రతి వాహనానికీ రెండు వైపులా వ్యాపారం పేరు, లైసెన్సు నంబరు ఉండాలి. అక్షరాలు కనీసం 2 అంగుళాల ఎత్తుండాలి, వెనక రంగులో కలిసిపోకూడదు. ఒప్పందాల మీద, బిల్లుల మీద ఆ రాష్ట్ర లైసెన్సింగ్ శాఖ చిరునామా కూడా వేయాలి, ఫిర్యాదు ఎవరికి చేయాలో గిరాకీకి తెలియడానికి. డాలస్ శివార్లలో ఉండే మన తెలుగువాళ్లు ఇంటి ముందు ఆగిన వ్యాను మీది నంబరును ఆ శాఖ వెబ్‌సైటులో కొట్టి చూసుకోవచ్చు. కాలిఫోర్నియాలో అయితే వెలిగే సైన్ బోర్డులు బిగించే కాంట్రాక్టర్లకు విడిగా నియమముంది. బండికి రెండు వైపులా పేరు, చిరునామా, లైసెన్సు నంబరు ఒకటిన్నర అంగుళానికి తగ్గకుండా ఉండాలి.

అంత కట్టుదిట్టంగా ఉండటానికి కారణం, అక్కడ ఆ నంబరు వెనకాల ఉన్న శ్రమ. టెక్సాస్‌లో జర్నీమన్ కావాలంటే పర్యవేక్షణలో 8,000 గంటల పని చేయాలి, మాస్టర్ కావాలంటే 12,000 గంటలు. కాంట్రాక్టర్ దగ్గర ఒక మాస్టర్ ఉండి తీరాలి. విదేశాలకు వెళ్లాలనుకునే ఐటీఐ కుర్రాళ్లు ఇక్కడి నుంచే పని గంటలు, చేసిన పనుల వివరాలు, పర్యవేక్షించినవారి సంతకాలు ఒక పుస్తకంలో రాసుకుంటూ రండి. చాలాచోట్ల అడిగేది సర్టిఫికెట్ ఒక్కటే కాదు, దాని వెనక చేసిన పని.

మన రాష్ట్రాల్లో బండి మీద నంబరు వేయాలన్న నియమం కోసం ఎదురుచూడక్కర్లేదు. టూల్ బాక్సు మీద, స్కూటర్ ముందు భాగాన పేరు, పర్మిట్ నంబరు స్టిక్కర్ అంటించుకోవచ్చు. నంబరు ప్లేటు జోలికి మాత్రం పోకండి, దాని మీద రిజిస్ట్రేషన్ నంబరు తప్ప ఇంకేమీ ఉండకూడదు. కరెంటు స్తంభాలకు ‘ఎలక్ట్రీషియన్’ అని ఫోన్ నంబరు కాగితాలు అంటించే అలవాటు కూడా మానుకోవాలి. బహిరంగ స్థలాలను పాడు చేయకుండా 1997లోనే మన దగ్గర చట్టం వచ్చింది. పైగా స్తంభం డిస్కంది, రేపు మీటరు కోసం మీరు ఫైలు పట్టుకుని వెళ్లేది ఆ ఆఫీసుకే.

బోర్డు తయారుచేసే అబ్బాయికి చెప్పేముందు ఒక కాగితం మీద మీ మాటలు రాసుకోండి. పైన తెలుగులో షాపు పేరు. దాని కింద ‘ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్, లైసెన్సు నం.’ లేదా ‘వైర్‌మన్ పర్మిట్ నం.’, మీ దగ్గర ఏది ఉంటే అది. రిజిస్ట్రేషన్ అయి ఉంటే జీఎస్టీ నంబరు. చేసే పనులు మూడో నాలుగో, నిజంగా చేసేవే. ఫోన్ నంబరు అన్నిటికంటే పెద్దగా. ఇంకా పర్మిట్ రాకపోతే రెండో వరస దగ్గర ఖాళీ వదిలేయండి. వచ్చాక ఆ వరస మాత్రం చేర్పించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.